తిరుగుటపా పెట్టుకున్న పరీక్ష

కొండల మీదికి మనుషుల్ని తీసుకెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ బస్టాండు దగ్గర దించడం అతని పని. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎంతమందిని పైకి తీసుకెళ్ళాడో అంతమందినీ కిందికి తెచ్చాడు కాబట్టి ఊళ్ళో అందరూ అతన్ని తిరుగుటపా అంటారు. అసలు పేరు గైడ్ల సంఘం ఇచ్చిన కార్డు మీద ఉంది గానీ దాన్ని చదివినవాళ్ళు తక్కువ. యాభై ఆరేళ్ళ మనిషి. మోకాళ్ళు మాత్రం ఇంకా పాతికేళ్ళవాడివే. తన గురించి తనకు చాలా మంచి అభిప్రాయం. ఆ చుట్టుపక్కల కొండదారులన్నీ తనకు కొట్టిన పిండి అని చెప్పుకుంటాడు. ఎవరూ కాదనరు. నిజం కాబట్టి కొంత, కాదంటే ఇంకో అరగంట వినాల్సి వస్తుంది కాబట్టి కొంత.

పది రోజుల కిందట అతను ఎవరికీ చెప్పకుండా పక్క ఊరి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. సొంత ఊళ్ళో చూపించుకుంటే డాక్టరుకు తెలిసేలోపే భార్యకు తెలిసిపోతుంది. అక్కడ డాక్టరు ఒక పాతికేళ్ళ అమ్మాయి. చిన్న చిన్న గళ్ళు గీసిన అట్ట చేతికిచ్చి, ఒక కన్ను మూసుకుని మధ్యలో ఉన్న చుక్కను చూడమంది.

"గళ్ళు ఎలా ఉన్నాయండీ?"

"అంచుల్లో బాగానే ఉన్నాయి. మధ్యలో ఎవరో తడి బొటనవేలితో రుద్దేసినట్టున్నాయి. వేరే అట్ట ఉంటే ఇవ్వమ్మా, ఇది పాడైపోయింది."

ఆ అమ్మాయి నవ్వలేదు. రెండో కన్ను మూసుకోమంది. అదే అట్ట, అదే బొటనవేలు.

"అట్టకేం కాలేదండీ. మీ కంటి వెనక పొర మధ్యలో అరిగిపోతోంది. అంచులకేం ఢోకా లేదు. పూర్తిగా చీకటైపోతుందని భయపడకండి, నడవగలరు, మీ పనులు మీరు చేసుకోగలరు. తిన్నగా ఎదురుగా ఉన్నవే, అక్షరాలు, మొహాలు, అలాంటివి మసకబారిపోతాయి. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"మా ఆవిడకి షాపుంది" అన్నాడు తిరుగుటపా. అది అబద్ధం కాదు. బస్టాండు ఎదురుగా బూట్లు, వానకోట్లు, చేతికర్రలు అద్దెకిచ్చే షాపు అతని భార్యదే. కాకపోతే డాక్టరు అడిగింది దాని గురించి కాదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఆ మాటలన్నిట్లోంచి ఒకే ఒక్క మాట ఏరుకున్నాడు. నడవగలరు. మిగతావన్నీ ఆ అమ్మాయి చదువుకున్న చదువు కొద్దీ చెప్పిందని సరిపెట్టుకున్నాడు. అయినా రాత్రుళ్ళు నిద్ర సరిగ్గా పట్టలేదు. భయం వేసింది అతనికి. కొండ లేకపోతే తను ఎవరు అనే ప్రశ్న యాభై ఆరేళ్ళ దాకా రాకపోవడం వల్ల, వచ్చేసరికి దానికి జవాబు సిద్ధంగా లేదు.

అలాంటి సమయంలో బామ్మర్ది వచ్చాడు. అతను గైడ్ల సంఘానికి కార్యదర్శి. భార్య తమ్ముడే గనక సంఘం ఆఫీసులో కంటే అక్క షాపులోనే ఎక్కువగా కనపడతాడు.

"బావా, ఈ ఆదివారం బడిపిల్లలు ఇరవై రెండు మంది. హెడ్మాస్టరు నువ్వైతేనే పంపిస్తానంటున్నాడు. రాసేసుకోనా?"

"చూద్దాంలే."

బామ్మర్ది రాయబోతున్నవాడల్లా ఆగి తలెత్తాడు. బావ నోట చూద్దాం అనే మాట వినడం అదే మొదటిసారి. "ఒంట్లో బాలేదా?" అన్నాడు. తిరుగుటపా నీళ్ళు నమిలాడు. శుక్రవారం చెప్తానన్నాడు.

ఇక ఆ రోజు నుంచి ఆలోచించి ఆలోచించి తనకు తనే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. మబ్బు బాగా దిగిన రోజు చూసి ఒంటరిగా పిల్లివీపు ఎక్కాలి. పిల్లివీపు అంటే ఊరి మీదికి ఒరిగి ఉన్న కొండగట్టు. అలిగిన పిల్లి నడుం ఎత్తినట్టు ఉంటుంది, రెండు పక్కలా జారుడే. ఆ చివర రాళ్ళగుట్టను చేత్తో తాకి తిరిగి రావాలి. దారిలో ఒక్క అడుగు తప్పినా సరే, భార్యకు, బామ్మర్దికి అంతా చెప్పేసి కార్డు ఇచ్చేయాలి. తప్పకపోతే ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళాలి, డాక్టరు మాట గాలికి వదిలేయాలి. మబ్బు రోజే ఎందుకంటే, ఎండలో కొండెక్కడం ఎవడికి చేతకాదు? మబ్బు పట్టినప్పుడే గైడెవడో తేలుతుంది. ఆ మాట గైడ్లందరూ అంటారు. అతను అందరికంటే ఎక్కువసార్లు అన్నాడు.

గురువారం పొద్దున మబ్బు ఊరి నీళ్ళ ట్యాంకు దాకా దిగింది. ట్యాంకు నిచ్చెన సగం దాకా కనపడి ఆగిపోయింది. తిరుగుటపా బూట్లు బిగించుకుని షాపులోకి వెళ్ళాడు. భార్య స్టూలు మీద కూర్చుని ఒక వానకోటు జిప్పుకు కొవ్వొత్తి రుద్దుతోంది.

"ఇవాళ ఎవరొస్తారండీ కొండకి?"

"ఎవరూ రారు. ఒక్కణ్ణే వెళ్తున్నా. ఆదివారం పిల్లలున్నారుగా, ఒకసారి దారి చూసొస్తా."

"ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎక్కడికీ పోని దారి ఇవాళ ఎక్కడికి పోతుందట?" అని ఆమె ఫ్లాస్కులో టీ పోసి అతని సంచిలో పెట్టింది. "మధ్యాహ్నానికి వచ్చేయండి. ఈ మబ్బులో మిమ్మల్ని వెతకడానికి ఇంకో తిరుగుటపా లేడు."

ఆమె నవ్వుతూ అన్నదో విసుక్కుంటూ అన్నదో తెలియలేదు. గొంతును బట్టి నవ్విందనే అనుకుని బయల్దేరాడు.

ట్యాంకు దాటగానే మబ్బులోకి వెళ్ళిపోయాడు. ఒంటరిగా కొండెక్కడం అతనికి కొత్త. ఎప్పుడూ వెనక ఎవరో ఒకరు ఆయాసపడుతూ, ఇంకా ఎంత దూరమని అడుగుతూ ఉంటారు. ఇవాళ తన బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మొదటి మలుపు దగ్గర అలవాటు కొద్దీ ఆగి వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. సిగ్గేసింది. రెండో మలుపు దగ్గరా తిరిగాడు. ఈసారి సిగ్గుతో పాటు నవ్వు కూడా వచ్చింది.

బండల మీద తెల్లరంగు గుర్తులు ఉన్నాయి. అవి ఏటేటా వేసేది అతనే. ఈ మధ్య వాటిని తిన్నగా చూస్తే మాయమై, కొంచెం పక్కకు చూస్తే ఓరగా వచ్చి నిలబడుతున్నాయి. ఇవాళ అవి ఎలాగూ లేవు, అన్నిటినీ మబ్బు మింగేసింది. వాటి అవసరమూ పడలేదు. గొర్రెల దొడ్డి రాతిగోడ ఎప్పుడు వస్తుందో వాసన చెప్పింది. గోడ దాటాక ఎడమ చెంపకు గాలి తగిలిన చోట కుడికి తిరగాలి, తిరిగాడు. కంకర కరకరమన్నంతసేపూ దారి, గడ్డి మెత్తగా తగిలితే దారి కాదు. చీలమండలు వాలును కొలుస్తూ పోయాయి. పైన్ చెట్ల మధ్య మూడు దారులు కలిసే చోట ఎంతమంది తప్పిపోయారో లెక్కలేదు. అక్కడ అతను ఆగనైనా ఆగలేదు.

పిల్లివీపు మీదికి వచ్చేసరికి రెండు పక్కలా ఏమీ లేదు, తెల్లగా ఉంది. అడుగు వెనక అడుగు వేసుకుంటూ, కంటి అంచుల్లో కనపడే దారి అంచులను పట్టుకుని నడిచాడు. చివరికి మోకాలికి రాళ్ళగుట్ట తగిలింది. చెయ్యి ఆనించాడు. రాయి చల్లగా, తడిగా ఉంది. ఒక్క అడుగైనా తప్పలేదు.

తిరుగుటపాకు పట్టరాని సంతోషం కలిగింది. "చూశావా డాక్టరమ్మా" అన్నాడు పైకే. ఇంట్లో కూడా అంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఎవరండీ?" అని రాళ్ళగుట్ట అవతలి నుంచి ఎవరో పలికారు.

అవతలికి వెళ్ళి చూస్తే, బూడిదరంగు కోటు టోపీ తల మీదికి లాక్కుని ఒక మనిషి రాళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆడమనిషి. నలభై దాటిన గొంతు.

"దారి తప్పానండీ. పొద్దున్నే ఎక్కాను, అప్పుడు ఇంత మబ్బు లేదు. దిగుదామంటే ఎటు చూసినా ఒక్కలాగే ఉంది. కాలు జారి పడ్డాను కూడా."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"చిన్నదేలెండి. బాగానే ఉన్నాను."

టోపీ లోపల నుదుటి దగ్గర ఆవిడ ఏదో గుడ్డ కట్టుకుంది. కంటి అంచులో ఎర్రగా తగిలింది.

"ఎర్ర రుమాలు కట్టుకున్నారు, మంచి పని చేశారు" అన్నాడు తిరుగుటపా. పరీక్ష పాసైన హుషారులో ఉన్నాడు. "మబ్బులో ఎరుపైతేనే ఆనవాలు తెలుస్తుంది. ఇక ఏం భయం లేదు, నా వెనకే వచ్చేయండి. నన్ను తిరుగుటపా అంటారు."

ఆవిడ నవ్వింది. "మీకు ఇలాంటివి రోజూ మామూలే కాబోలు" అంటూ లేచింది.

దిగడం మొదలుపెట్టారు. పిల్లివీపు దాటేదాకా మాట్లాడవద్దన్నాడు, ఆవిడ మాట్లాడలేదు. దాటాక తన సంగతి చెప్పింది. పళ్ళ సెట్లు తయారుచేసే పని. రోజంతా దీపం కింద వంగి కూర్చుని, ఒక్కో పన్ను అరగదీసి, నున్నగా చేసి, ప్లాస్టిక్ చిగుళ్ళకు అతికిస్తుంది.

"ఎప్పుడూ జానెడు దూరంలోనే చూస్తుంటానండీ. కళ్ళకి కాస్త దూరం చూపిద్దామని సెలవు పెట్టి వచ్చాను. తీరా వస్తే ఇక్కడ జానెడు కూడా కనపడటం లేదు."

"మీ కళ్ళకి అలా రాసిపెట్టి ఉంది" అని తిరుగుటపా నవ్వాడు. ఎన్నాళ్ళకో మనసారా నవ్వాడు. వెనక మళ్ళీ ఒక మనిషి నడుస్తోంది. ప్రాణం లేచి వచ్చినట్టయింది అతనికి.

మలుపు వచ్చింది. ఆగి, వెనక్కి తిరిగి, ఆవిడ వైపు చూసి, మళ్ళీ నడిచాడు. ఇంకో మలుపు వచ్చింది. మళ్ళీ అంతే.

"ప్రతి మలుపుకీ ఎందుకండీ అలా చూస్తారు?"

"మొహం చూడాలమ్మా. మా పనిలో దారి సగమే. బాగున్నారా అంటే అందరూ బాగున్నామనే అంటారు, నోటికేం పోయింది? మొహం అలా కాదు. ఒకసారి ఒక పోలీసాయన, ఆరడుగుల మనిషి, బ్రహ్మాండంగా ఉన్నానన్నాడు. పెదవులు చూస్తే నేరేడు పండు రంగు. అక్కడికక్కడే కూర్చోబెట్టి, వీపు మీద వేసుకుని దించాను. నోరు చెప్పిందే వింటే ఆయన దిగేవాడు కాదు. కొత్త గైడ్లకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే."

"నా మొహం ఎలా ఉంది మరి? కొంచెం తల తిరుగుతోంది, అందుకని అడుగుతున్నా."

తిరుగుటపా ఆగాడు. తిరిగి ఆవిడ వైపు తిన్నగా చూశాడు. బూడిదరంగు టోపీ చుట్టూ అంచు కనపడింది. అంచు లోపల బూడిదరంగే ఉంది. మబ్బు మరీ చిక్కగా ఉందనుకున్నాడు. అలా అనుకోవడం చాలా తేలికయింది.

"బాగానే ఉన్నారు" అన్నాడు. "పొద్దుటి నుంచి ఏమీ తినకపోతే అలాగే ఉంటుంది. ఇదిగో, టీ తాగండి."

ఆవిడ టీ తాగింది. అతను అలా అన్నాక ధైర్యం వచ్చినట్టుంది, మళ్ళీ తల మాట ఎత్తలేదు. రెండుసార్లు మాత్రం ఆమె అడుగుల చప్పుడు ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలైంది. అతను నెమ్మదిగా నడిచాడు. ఆదివారం పిల్లల్ని ఎలా నిలబెట్టాలో ఆలోచిస్తున్నాడు, పొట్టివాళ్ళు ముందు, అల్లరివాళ్ళు తన పక్కన.

గొర్రెల దొడ్డి దాటాక నేల మారింది. కాళ్ళ దగ్గర గడ్డిపరకలు ఒక్కొక్కటీ విడిగా కనపడుతున్నాయి. ఆఖరి మలుపు దగ్గర వెనక్కి తిరిగితే ఆవిడ మొహం చోట ఇంకా అదే బూడిదరంగు.

"మబ్బు మన వెంటే దిగిందే" అన్నాడు.

"లేదండీ, పైనే ఉండిపోయింది. ఇక్కడంతా బాగా కనపడుతోందిగా. అదిగో ట్యాంకు, అదిగో బస్సులు."

తిరుగుటపా చటుక్కున ముందుకు తిరిగి నడవసాగాడు. ఇక వెనక్కి చూడలేదు. దారి ఒక్క అడుగైనా తప్పలేదు కదా అని తనకు తనే రెండుసార్లు చెప్పుకున్నాడు, రెండోసారి కొంచెం గట్టిగా.

షాపు ముందు భార్య ఉతికిన వానకోట్లు తీగ మీద ఆరేస్తోంది. బామ్మర్ది గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇద్దరూ తలెత్తారు. భార్య చేతిలో కోటు కింద పడిపోయింది.

"అమ్మో! ఏమైందమ్మా, మొహమంతా ఆ రక్తమేంటి?"

ఆమె పరుగున వచ్చి పళ్ళ సెట్లావిడను పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. కోటు టోపీ వెనక్కి తీసింది. నుదుటి మీది రుమాలు విప్పుతుంటే చర్మానికి అతుక్కుపోయి వచ్చింది. తెల్ల రుమాలు. ముడి వేసిన మూల ఒకటి ఇంకా తెల్లగా ఉంది, నీలం అంచుతో సహా. మిగతాదంతా తడిసిపోయింది. దాని కింద కనుబొమ నుంచి జుట్టులోకి వేలెడు పొడవు చీలిక. ఒక చెంప, మెడ, చొక్కా కాలరు ఎర్రగా అట్టకట్టాయి.

"అంత దూరం వెంటబెట్టుకుని వచ్చారు, ఒక కట్టు కట్టడానికి చేతులు రాలేదా మీకు?" అంది భార్య, అతని వైపు తిరగకుండానే. "సంచిలో దూది, గుడ్డ అన్నీ నేనే పెట్టి పంపిస్తానే!"

"ఆయన్నేమీ అనకండి" అంది పళ్ళ సెట్లావిడ. ఆమె గొంతు ఇప్పుడు కొంచెం ముద్దగా వస్తోంది. "ఆయన చూస్తూనే ఉన్నారు. ప్రతి మలుపుకీ ఆగి చూశారు. ఎర్ర రుమాలని జోకు కూడా వేశారు. నేనే భయపడి అడిగితే బాగానే ఉన్నారన్నారు. పెద్ద దెబ్బైతే ఇంత తెలిసిన మనిషి చెప్పకుండా ఉంటారా అని ధైర్యంగా నడిచేశాను."

బామ్మర్ది టీ గ్లాసు కింద పెట్టి, బండి తీసి, ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని సందు చివర ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పడిపోకుండా పట్టుకోవడానికి పక్క షాపులోంచి ఒకావిడ వచ్చి వెనక కూర్చుంది.

తిరుగుటపా నిలబడిన చోటే నిలబడ్డాడు. భార్య కింద పడిన కోటు తీసి, దులిపి, తీగ మీద వేసింది. తర్వాత వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"జోకు వేశారా?"

"లేదు."

"మరి?"

"ఎర్ర రుమాలే అనుకున్నాను. కనపడలేదే నాకు."

పదిరోజుల కింద తనకు చెప్పకుండా పక్క ఊరు వెళ్ళి రావడం, నిన్న అన్నంలో ఉప్పు డబ్బా బదులు పంచదార డబ్బా తీసుకోవడం, ఇలాంటివన్నీ ఆమె లోపల ఒక్కొక్కటిగా వచ్చి పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో చెప్పకుండా తెలిసేవే ఎక్కువ.

"నా మొహం?" అంది.

అతను చూశాడు. ఎక్కడ ఏముందో అతనికి కంఠతా వచ్చు, కుడి బుగ్గ మీద పుట్టుమచ్చతో సహా. వచ్చింది అప్పజెప్పేయవచ్చు. కానీ ఇవాళ్టికి ఒక అబద్ధం చాలనిపించింది.

"చెవులు కనపడుతున్నాయి. జుట్టు కనపడుతోంది."

ఆమె ఏడవలేదు. అతని చెయ్యి పట్టుకుని స్టూలు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. దారిలో అడ్డంగా ఏమీ లేదు, అతను నడవగలడు, అయినా పట్టుకుంది. అతనికి చాలా అవమానంగా ఉంది, చాలా హాయిగా కూడా ఉంది.

గంటకు బామ్మర్ది తిరిగి వచ్చాడు. ఆరు కుట్లు పడ్డాయట. లోపలేమీ దెబ్బ లేదట, రాత్రికి అక్కడే ఉంచుకుని పొద్దున పంపిస్తారట. ఇంకో గంట ఆలస్యమైతే దారిలోనే పడిపోయి ఉండేదని నర్సు అన్నదట. చెప్పాల్సినవన్నీ చెప్పి, అక్క మొహం, బావ మొహం మార్చి మార్చి చూశాడు. చివరికి తనకు తెలిసిన మాటే ఎత్తుకున్నాడు.

"బావా, మరి ఆదివారం పిల్లల సంగతి? హెడ్మాస్టరు మళ్ళీ ఫోన్ చేశాడు."

"వేరే గైడుని పంపరా."

"అదేంటి? ఇంత మబ్బులో ఒక్కడివే ఎక్కి, తప్పిపోయిన మనిషిని వెంటబెట్టుకుని దిగావు. నీకంటే బాగా దారి తెలిసినవాడు ఎవడున్నాడు?"

"ఎవడూ లేడు" అన్నాడు తిరుగుటపా. అంత బాధలోనూ ఆ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది. "దారి నాకు కనపడుతుందిరా. పిల్లలే కనపడరు."